పాత పాత్రకి కొత్త గొంతు: ఆడియో డ్రామాలో రీకాస్టింగ్ మొదట్నుంచీ చివరి దాకా

2021లో బిగ్ ఫినిష్ వాళ్ళు ‘రిటర్న్ ఆఫ్ ది సైబర్‌మెన్’ అని ఒక డాక్టర్ హూ ఆడియో డ్రామా వదిలారు. అందులో నాలుగో డాక్టర్‌గా టామ్ బేకరే చేశాడు, డెబ్బైల్లో టీవీలో ఆ వేషం కట్టినాయనే. కానీ ఆయన పక్కన ఉండాల్సిన ఇద్దరూ లేరు. సారా జేన్ స్మిత్ వేసిన ఎలిజబెత్ స్లేడెన్ 2011లో పోయింది, హ్యారీ సలివన్ వేసిన ఇయాన్ మార్టర్ 1986లోనే పోయాడు. సారా జేన్‌గా స్లేడెన్ సొంత కూతురు సేడీ మిల్లర్, హ్యారీగా క్రిస్టఫర్ నేలర్ చేశారు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పావుగంటా కథ వినలేదు, తప్పులు వెతుకుతూ కూర్చున్నా, ఇది అమ్మ గొంతు కాదు, ఇక్కడ సాగదీత తక్కువైంది, అక్కడ నవ్వు వేరేగా ఉంది అని. ఎప్పుడు ఆపేశానో గుర్తులేదు గానీ రెండో సగానికి వచ్చేసరికి సారా జేన్ ప్రమాదంలో ఉంటే నాకు గాబరాగా ఉంది. గొంతు మాత్రం మొదట్లో ఎంత తేడాగా ఉందో అప్పుడూ అంతే తేడాగా ఉంది.

ఒక నటుడికి అలవాటైన పాత్రని ఇంకో నటుడికి ఇవ్వడమే రీకాస్టింగ్. ఈ వ్యాసం మొత్తం ఆ పావుగంట గురించే. వినేవాడు తేడా లెక్కపెట్టడం మానేసి కథలోకి వచ్చేలా ఎలా చెయ్యాలి, దానికి నటుణ్ణి ఎలా వెతకాలి, ఏం రాయాలి, ఎలా రికార్డ్ చెయ్యాలి. నేను పెద్ద ప్రొఫెషనల్‌ని కాదు, ఫ్రెండ్స్‌తో కలిసి బెడ్‌రూమ్‌లో దుప్పట్లు కట్టుకుని ఆడియో నాటకాలు చేసేవాణ్ణి, కాకపోతే ఇవి విపరీతంగా వింటాను, చెయ్యాల్సిన తప్పులన్నీ ఇప్పటికే చేసేశాను కాబట్టి మీకు కొన్ని తగ్గుతాయి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. డాక్టర్ హూ 1963లో బీబీసీలో మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్. హీరో ‘డాక్టర్’ చచ్చిపోయే పరిస్థితి వస్తే రూపం మారి కొత్త మనిషవుతాడు, అందుకని నటుడు మారడం కథలోనే ఉంది. బిగ్ ఫినిష్ అనే కంపెనీ 1999 నుంచి లైసెన్స్ తీసుకుని పాత డాక్టర్లతో ఆడియో డ్రామాలు చేస్తోంది. చిక్కేంటంటే మొదటి ముగ్గురు డాక్టర్లూ అప్పటికే లేరు. విలియం హార్ట్‌నెల్ 1975లో, పాట్రిక్ ట్రౌటన్ 1987లో, జాన్ పెర్ట్వీ 1996లో పోయారు. కాబట్టి రీకాస్టింగ్ గురించి నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి బడి లేదు, ఎందుకంటే వాళ్ళు అన్ని పద్ధతులూ ట్రై చేశారు.

1. అసలు రీకాస్ట్ చెయ్యాలా?

ఇది అందరూ దాటేసే మెట్టు. కొత్త నటుణ్ణి వెతికే ముందు వేరే దార్లు చూడండి.

ఒకటి, పక్క పాత్రతో కథ చెప్పించడం. బిగ్ ఫినిష్ చాలాకాలం ఇదే చేసింది. 2007లో మొదలైన ‘కంపానియన్ క్రానికల్స్’లో డాక్టర్‌తో తిరిగిన మనిషి కథ చెప్తుంటాడు, డాక్టర్ డైలాగ్ వచ్చినప్పుడు ఆయన్ని అనుకరిస్తాడు. రెండో డాక్టర్‌తో జేమీగా చేసిన ఫ్రేజర్ హైన్స్ ట్రౌటన్‌ని అనుకరిస్తుంటే వినాలి మీరు, ఏళ్ళ తరబడి సెట్లో పక్కన నిలబడి విన్న గొంతు కదా. ఇందులో గొప్ప సౌకర్యం ఏంటంటే వినేవాడు అచ్చం అలాగే ఉండాలని ఆశించడు, మన బాబాయ్ తాతయ్య ఎలా తిట్టేవాడో చేసి చూపిస్తే ఎవరూ గొంతు కొలవరు కదా, అలాగన్నమాట.

రెండోది, అదే పాత్రని వేరే రూపంలో ఇంతకుముందే చేసిన నటుల్ని తెచ్చుకోవడం. ‘హిచ్‌హైకర్స్ గైడ్’ అనే సైన్స్ ఫిక్షన్ కామెడీ రేడియో సిరీస్‌లో ట్రిలియన్‌గా చేసిన సూసన్ షెరిడన్ 2015లో పోయింది. 2018లో మళ్ళీ సిరీస్ చేసినప్పుడు ట్రిలియన్‌గా శాండ్రా డికిన్సన్ వచ్చింది, 1981 టీవీ వెర్షన్‌లో ట్రిలియన్ ఆవిడే. ఒక్కరు కూడా ‘ఈవిడెవరు’ అనలేరు.

మూడోది, పాత రికార్డింగ్ వాడుకోవడం. అదే హిచ్‌హైకర్స్ 2004 సిరీస్‌లో అగ్రజాగ్ అనే పాత్రకి రచయిత డగ్లస్ ఆడమ్స్ గొంతే పెట్టారు, ఆయన 2001లోనే చనిపోయినా ముందే చదివి పెట్టిన ఆడియోబుక్ ఉంది కాబట్టి. ఇది ఒక సీన్‌కి పనికొస్తుంది, అంతకన్నా ఎక్కువ లాగకండి.

ఈ మూడూ కుదరకపోతే, పాత్ర ఎదురుగా నిలబడి వేరేవాళ్ళతో పేజీలకి పేజీలు మాట్లాడాల్సి ఉంటే, అప్పుడు రీకాస్టింగ్.

2. హక్కులు

త్వరగా చెప్పేస్తా. డాక్టర్ హూ బీబీసీది, స్టార్ వార్స్ లూకస్‌ఫిల్మ్‌ది, డబ్బులు తీసుకోకపోయినా ఫ్యాన్ ఆడియో అనేది వాళ్ళు చూసీచూడనట్టు ఊరుకున్నంత సేపే. ఇంట్లో ప్రాక్టీస్‌కి చేస్కోండి, అమ్మకండి.

నా సలహా అయితే ఫ్రెంచ్ రచయిత జూల్ వెర్న్ రాసిన కెప్టెన్ నీమోతో, అంటే నాటిలస్ అనే జలాంతర్గామి కెప్టెన్‌తో, మొదలుపెట్టమని. వెర్న్ 1905లో పోయాడు, మూల కథల మీద ఎవరి హక్కూ లేదు. పైగా నీమో మనవాడు! 1870 నాటి మొదటి నవల్లో ఎవరో ఏ దేశంవాడో చెప్పడు, తర్వాత 1875లో వచ్చిన ‘మిస్టీరియస్ ఐలాండ్’లో తెలుస్తుంది, బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, పేరు డక్కర్, టిప్పు సుల్తాన్‌కి బంధువు, 1857 తిరుగుబాటులో అన్నీ పోగొట్టుకుని సముద్రంలోకి వెళ్ళిపోయినవాడు. 1954 డిస్నీ సినిమాలో ఆ వేషం జేమ్స్ మేసన్ కట్టాడు, 2003లో ఒక హాలీవుడ్ సినిమాలో నసీరుద్దీన్ షా కట్టాడు. ఒక్కటే జాగ్రత్త, ఎవరో చేసిన తెలుగు అనువాదం ఎత్తుకొచ్చి చదవకండి, అనువాదానికి వేరే హక్కు ఉంటుంది, మీ డైలాగులు మీరే రాసుకోండి. డిస్నీ సినిమాలో మాత్రమే ఉన్నవి కూడా ముట్టుకోకండి.

3. గొంతు జాతకం రాయండి

ఇక్కడ టైమ్ పెట్టండి, మిగతావన్నీ దీని మీదే నడుస్తాయి.

ముందు ఒక సంవత్సరం ఫిక్స్ చేస్కోండి. ‘మొదటి డాక్టర్’ అంటే ఎప్పటి మొదటి డాక్టర్? 1963లో హార్ట్‌నెల్ కసురుకునే ముసలాడు, ఎవర్నీ నమ్మడు. 1965కి వచ్చేసరికి కిసుక్కున నవ్వే తాతయ్య అయిపోయాడు. నటుడికి రెండు కాలాల క్లిప్పులూ కలిపి ఇస్తే మధ్యలో ఎక్కడో తేలి ఎవరిలాగానూ ఉండడు.

తర్వాత కళ్ళు మూసుకుని వినండి. బొమ్మ చూస్తే మీ చెవి మోసం చేస్తుంది. ఈ విషయంలో ట్రౌటన్ అభిమానులకి దేవుడిచ్చిన వరం ఒకటుంది. అప్పట్లో బీబీసీ టేపులు చెరిపేసి మళ్ళీ వాడుకునేది, ఆయన ఎపిసోడ్లు బోలెడన్ని అలా పోయాయి, కానీ ఇళ్ళల్లో పిల్లలు టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డ్ చేసుకున్నారు, దాంతో బొమ్మ పోయినా సౌండ్ మొత్తం మిగిలింది. ఆడియో నటుడికి అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

విన్నప్పుడు ఏం రాసుకోవాలి? గొంతు బేసా, జీరా, ముక్కుతోనా అనేది మొదటి లైన్లో రాసేసి వదిలెయ్యండి, అది అందరికీ వినపడేదే. అసలు రాసుకోవాల్సింది మనిషి ఆలోచన ఎక్కడ తిరుగుతోంది అనేది. వాక్యం మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు? కోపం వస్తే గొంతు పెరుగుతుందా తగ్గుతుందా? అబద్ధం చెప్పేటప్పుడు స్పీడ్ అవుతాడా? ప్రశ్నకి ముందు ఆగుతాడా, తర్వాత ఆగుతాడా?

హార్ట్‌నెల్‌నే తీసుకోండి. ఆయన వాక్యం చివర్లో ‘హ్మ్?’ అంటాడు, మిమిక్రీ చేసే ప్రతివాడూ దాన్ని పట్టుకుని అయిదు సెకన్లకోసారి వదుల్తాడు. నా చెవికి మాత్రం ఆ ‘హ్మ్’ ప్రశ్న కాదు. అవతలివాడు జవాబు చెప్పకుండా మూసెయ్యడానికి వేసిన తాళం. ‘నువ్వు ఒప్పుకున్నట్టే కదా, హ్మ్?’ అని. అది ఏ పని చేస్తోందో తెలిస్తే నటుడు ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో తనే తెలుసుకుంటాడు. ఇంకోటి, ఇయాన్ చెస్టర్టన్ అనే పాత్ర పేరుని డాక్టర్ తప్పుగా పిలుస్తుంటాడు, చెసర్మన్, చాటర్టన్, నోటికి ఏదొస్తే అది. దాన్ని కామెడీ అనుకుని నొక్కి పలికితే చచ్చింది పాత్ర. ఆ మనిషి బుర్ర నోటికన్నా నాలుగు అడుగులు ముందుంది, పేరు గుర్తుపెట్టుకునే తీరిక లేదు, అలా పలకాలి.

మూడో డాక్టర్ పెర్ట్వీ దగ్గర ఇంకో నీతి ఉంది. ఆయన అనగానే అందరూ చెప్పే డైలాగ్ ‘రివర్స్ ది పొలారిటీ ఆఫ్ ది న్యూట్రాన్ ఫ్లో’. అయిదేళ్ళు చేశాడు, ఆ అయిదేళ్ళలో పూర్తిగా ఆ మాట అన్నది ఒక్కసారి, 1972లో ‘ది సీ డెవిల్స్’లో. మళ్ళీ అన్నది 1983 స్పెషల్‌లో. అంటే జనానికి గుర్తున్న పెర్ట్వీ వేరు, టేపులో ఉన్న పెర్ట్వీ వేరు. మీ జాతకం టేపు చూసి రాయండి, జ్ఞాపకం నుంచి రాయకండి.

చివరగా పాత రికార్డింగ్ సౌండ్‌ని గొంతు అనుకోవద్దు. అరవైల టీవీ సౌండ్ కాస్త డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. మా నటుడొకడు పాపం ఆ డబ్బా సౌండ్ తేవడానికి ముక్కు బిగబట్టి వారం ప్రాక్టీస్ చేశాడు.

మొత్తం ఒక్క పేజీకి మించకూడదు. రెండో పేజీ ఎవడూ చదవడు.

4. ఎవర్ని వెతకాలి

మూడు రకాల మనుషులు దొరుకుతారు. మిమిక్రీ ఆర్టిస్ట్, కుటుంబసభ్యులు, మామూలు నటుడు.

మిమిక్రీని నేను తక్కువ చెయ్యట్లేదు. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారి లాంటి మనిషి పుట్టిన చోటు మనది, ఇంగ్లీషు సినిమా సీన్లు సౌండ్ ఎఫెక్టులతో సహా ఒక్క గొంతుతో వినిపించినాయన. కానీ స్టేజీ మిమిక్రీ లెక్క వేరు. అక్కడ రెండు నిమిషాల్లో జనం గుర్తుపట్టి చప్పట్లు కొట్టాలి, అందుకని ఆనవాళ్ళన్నీ దగ్గర దగ్గరగా కుక్కుతారు. ఆడియో డ్రామా రెండు గంటలు. గుర్తుపట్టడం మొదటి నిమిషంలోనే అయిపోయింది, మిగతా నూట పంతొమ్మిది నిమిషాలు ఆ మనిషి భయపడాలి, విసుక్కోవాలి, ఏదో దాచాలి, ఎవరి మాటైనా వింటూ ఊరుకోవాలి. ఊరుకోవడం మిమిక్రీలో లేదు.

రెండూ చేయగలిగినవాడు దొరికితే వదలకండి. డాక్టర్ హూలో బ్రిగేడియర్ అనే మిలిటరీ పాత్ర చేసిన నికొలస్ కోర్ట్నీ 2011లో పోయాక ఆ పాత్ర జాన్ కల్షాకి వెళ్ళింది. కల్షా బ్రిటన్‌లో పేరున్న మిమిక్రీ ఆర్టిస్టే, కానీ బ్రిగేడియర్‌గా వింటుంటే నవ్వు రాదు, ఒక మిలిటరీ మనిషి ఇబ్బందిగా ప్రేమగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

కుటుంబసభ్యులు అంటే సేడీ మిల్లర్ ఒకరు, రెండో డాక్టర్ వేషం 2022లో ట్రౌటన్ కొడుకు మైకేల్ ట్రౌటన్‌కి వచ్చింది, మూడో డాక్టర్‌తో ఉండే లిజ్ షాగా చేసిన కరొలైన్ జాన్ పాత్ర ఆవిడ కూతురు డెయిజీ ఆష్‌ఫర్డ్‌కి వెళ్ళింది. పోలిక రక్తంలో ఎంతోకొంత ఉంటుంది, అంతకన్నా ముఖ్యం వినేవాడికి కోపం రాదు, వాళ్ళ అమ్మ పాత్ర వాళ్ళు చేసుకుంటున్నారు అనుకుంటాడు. ఈ సెంటిమెంట్ మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. కాకపోతే పైన చెప్పిన ముగ్గురూ నటనలో ఉన్నవాళ్ళే, కొడుకైనంత మాత్రాన మైకు ముందు నిలబడలేడు.

మామూలు నటుడు అంటే టిమ్ ట్రెలోర్. 2013లో యాభయ్యేళ్ళ స్పెషల్ ఆడియోలో మూడో డాక్టర్‌గా చిన్న బిట్ చేశాడు, అది నచ్చి 2015లో పూర్తి సిరీస్ ఇచ్చారు. పెర్ట్వీ కాదు అని మొదటి లైన్‌కే తెలిసిపోతుంది, కానీ పెర్ట్వీ డాక్టర్‌కి ఉండే ఆ దర్జా, పెద్దమనిషి చిరాకు, ప్రమాదం వచ్చినప్పుడు సడెన్‌గా వచ్చే మెత్తదనం, ఆ నడక మొత్తం ఉంది. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో బెస్ట్ రీకాస్టింగ్ ఇదే. ఎవరైనా కాదంటే వాదించడానికి నేను రెడీ.

అసలు పోలికే అక్కర్లేదు అనుకుని చేసినవి కూడా ఉన్నాయి. 1981లో అమెరికా పబ్లిక్ రేడియోలో స్టార్ వార్స్‌ని 13 భాగాల నాటకంగా వేశారు. లూక్‌గా మార్క్ హామిల్, సీ-త్రీపీఓగా ఆంథనీ డేనియల్స్ సినిమావాళ్ళే, కానీ హాన్ సోలోగా పెరీ కింగ్, లేయాగా ఆన్ శాక్స్, వేడర్‌గా బ్రాక్ పీటర్స్. పెరీ కింగ్ ఎక్కడా హారిసన్ ఫోర్డ్‌ని కాపీ కొట్టడు, అప్పులున్న స్మగ్లర్‌ని ఆడతాడు. ఇద్దరు పాతవాళ్ళు మధ్యలో ఉంటే కొత్తవాళ్ళందరినీ వాళ్ళే మోస్తారు, ఇది గుర్తుపెట్టుకోండి, ట్రెలోర్ పక్కన కూడా, టీవీలో మూడో డాక్టర్‌తో తిరిగే జో గ్రాంట్‌గా చేసిన కేటీ మానింగే ఉంది.

మనకి ఇదంతా కొత్త కాదు అసలు. రాజశేఖర్ తెర మీద ఊగిపోతుంటే వినపడింది సాయికుమార్ గొంతు, డబ్బింగ్ సినిమాల్లో కమల్‌కి బాలుగారు, రజనీకి మనో, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంటే మన చెవికి మొదట పడ్డ గొంతే అసలు గొంతు. ఇబ్బంది అలవాటైన గొంతు మార్చినప్పుడే వస్తుంది, తమిళంలో ఒరిజినల్ రజనీని విని ‘ఇదేంటి రజనీ గొంతు ఇలా ఉంది’ అనుకున్నవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

5. ఆడిషన్

మూడు పేజీలు ఇవ్వండి. మొదటిది అందరికీ తెలిసిన మూడ్‌లో ఉన్న సీన్, పాత్ర దర్జాగా విలన్‌ని ఏడిపించేది. రెండోది పరమ బోరింగ్ పేజీ, యంత్రం ఎలా పనిచేస్తుందో వివరించేది, సైన్స్ ఫిక్షన్‌లో సగం ఇదే కదా. మూడోది అసలు నటుడు ఎప్పుడూ చెయ్యని సీన్. జ్వరంతో పడుకుని ఉన్నాడు, లేదా చిన్నపిల్లని నిద్రపుచ్చుతున్నాడు. మూడో పేజీకి కాపీ కొట్టడానికి ఒరిజినల్ లేదు, కాబట్టి నటుడి లోపల ఆ మనిషి ఉన్నాడా లేదా అక్కడ తేలిపోతుంది.

ఇది నాకు దెబ్బ తగిలాక వచ్చిన తెలివి. మా గ్యాంగ్‌లో ఒకడు అద్భుతంగా హార్ట్‌నెల్‌ని దించేసేవాడు, టీ తాగుతూ చేస్తే కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వేవాళ్ళం, ఆడిషన్ కూడా లేకుండా వాణ్ణే పెట్టేశా. నాలుగో పేజీలో మనవరాలికి వీడ్కోలు చెప్పే సీన్. అంతే, గొంతు ఉంది, మనిషి లేడు. ప్రతి వాక్యం తర్వాత ‘హ్మ్?’. ఏడుపు సీన్‌లో ‘హ్మ్?’. పదకొండు టేకులు తీసి ఆపేశాం, వాడు హర్ట్ అయ్యాడు, నేను ఇప్పటికీ సారీ చెప్తూనే ఉన్నా.

వాట్సాప్ వాయిస్ నోట్లు విని సెలెక్ట్ చెయ్యకండి, ఫోన్ మైకు గొంతులో పైనా కిందా ఉన్నవి తినేస్తుంది, మీరు ఏ మైకు మీద రికార్డ్ చేస్తారో దాని మీదే వినాలి. అరవమనండి, గుసగుసలాడమనండి, పరిగెత్తి ఆయాసపడమనండి. చాలామంది మామూలుగా మాట్లాడినప్పుడు పాత్రలా ఉండి అరిచినప్పుడు తమలా అయిపోతారు. ఆ తర్వాత పేర్లు తీసేసి మూడు శాంపిళ్ళు ఇద్దరికి పంపండి, ఒరిజినల్ పిచ్చిగా చూసినవాడు ఒకడు, అసలు ఎప్పుడూ చూడనివాడు ఒకడు. మొదటివాడు ‘కాస్త దగ్గరగా ఉంది’ అని, రెండోవాడు ‘ఈయన తర్వాత ఏమంటాడో వినాలనుంది’ అని ఒకే శాంపిల్ గురించి అంటే మీ పని అయిపోయింది. ఇద్దరూ వేర్వేరు చెప్తే నేనైతే రెండోవాడి మాటే వింటా.

6. ఏఐతో చేసేద్దామా అనే ప్రశ్న

చనిపోయినవాళ్ళ క్లిప్పులు వేసి గొంతు క్లోన్ చెయ్యడం ఇప్పుడు నిమిషాల పని. చెయ్యకండి. స్టార్ వార్స్ విలన్ వేడర్‌కి గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ బతికుండగా తనే ఒప్పుకుని పాత రికార్డింగులు వాడుకోనిచ్చాడు, 2022లో వచ్చిన స్టార్ వార్స్ సిరీస్‌లో వేడర్ గొంతు అలాగే వచ్చింది, అది ఆయన ఇష్టం. హార్ట్‌నెల్‌లాగా 1964లో మైకు ముందు నిలబడ్డ మనిషిని ఎవరూ అడగలేదు, ఇప్పుడు అడగలేం. అది పక్కన పెట్టినా, పాత క్లిప్పుల మీద ట్రైన్ చేసినది మళ్ళీ పాత క్లిప్పులే ఇస్తుంది. మూడో పేజీ సీన్ దాని దగ్గర లేదు.

7. స్క్రిప్ట్: మొదటి ఎంట్రీ

కొత్త గొంతు మొదటిసారి వినపడే చోటు మీద మిగతా స్క్రిప్ట్ మొత్తానికి పెట్టినంత శ్రద్ధ పెట్టండి. నీమోతో చూపిస్తా. మేము మొదట రాసింది ఇది:

‘నేనే కెప్టెన్ నీమోని! ఈ నాటిలస్ నా సామ్రాజ్యం! భూమి మీద రాజులకి ఇక్కడ అధికారం లేదు!’

నటుడు ఎంత బాగా చెప్పినా వినేవాడు చేతులు కట్టుకుని ‘ఓహో నువ్వా నీమోవి, చూద్దాం’ అంటాడు. పరీక్ష పెట్టమని మనమే పిలిచినట్టు. మార్చి రాసింది ఇది: ముందు రెండు నిమిషాలు బందీలు, అంటే నాటిలస్‌లో చిక్కుకున్న ఫ్రెంచ్ ప్రొఫెసర్, ఆయనతో ఉన్నవాళ్ళు, నీమో గురించి భయంగా మాట్లాడుకుంటారు. దూరంగా ఆర్గన్ వాయిస్తున్న శబ్దం, నీమో నవల్లో ఆర్గన్ వాయిస్తాడు కదా. తలుపు తెరుస్తారు, ఆర్గన్ దగ్గరవుతుంది. మధ్యలో ఆగిపోతుంది. కుర్చీ కదిలిన చప్పుడు. కొంచెం మౌనం. అప్పుడు,

‘తలుపు వెయ్యండి. తేమకి ఆర్గన్ పాడవుతుంది.’

అంతే. వినేవాడికి గొంతు కొలిచే టైమ్ ఇవ్వలేదు, ‘ఈ మనిషికి ఎదురుగా ఉన్న మనుషులకన్నా ఆర్గన్ ముఖ్యమా’ అనే ఆలోచన ఇచ్చాం. గొంతు ఆ ఆలోచన వెనకాల లోపలికి వచ్చేసింది.

ఇదే పనికి ఇంకో ఉపాయం కథకుడు. ట్రెలోర్ మొదటి సిరీస్‌లో మూడో డాక్టరూ ఆయనే, నరేటరూ ఆయనే. ఆయన మామూలు గొంతు, డాక్టర్ గొంతు పక్కపక్కనే వినపడేసరికి మన చెవి డాక్టర్ గొంతుని ఒరిజినల్‌తో కాకుండా నరేటర్‌తో పోల్చుకుంటుంది, హఠాత్తుగా చాలా డాక్టర్‌లా అనిపిస్తుంది. కావాలని చేశారో బడ్జెట్ కోసం చేశారో గానీ బ్రహ్మాండంగా పనిచేసింది.

భాష సంగతి కూడా. నీమో తెలుగులో ఏ యాసలో మాట్లాడాలి? గుంటూరా, కరీంనగరా? మేము చాలా కొట్టుకున్నాం. ఆయన బుందేల్‌ఖండ్‌వాడు, యూరప్‌లో చదువుకున్నాడు, నవల్లో ఓడ మనుషులతో ఎవరికీ అర్థంకాని భాష మాట్లాడతాడు. అంటే బందీలతో మాట్లాడేది నేర్చుకున్న భాష. అందుకని ఏ ఊరి యాసా లేకుండా కాస్త పుస్తకాల వాసన ఉన్న తెలుగు పెట్టాం, ‘చెయ్యలేను’ బదులు ‘చేయజాలను’ అని అక్కడక్కడా. బందీలు మాత్రం మామూలు వాడుక తెలుగు. ఆ తేడాతోనే ఆయన దూరం వచ్చేసింది, నటుడు గొంతు బరువు చెయ్యాల్సిన పని సగం తగ్గింది.

ఊతపదాలు మాత్రం ఎపిసోడ్‌కి ఒకటి, మహా అయితే రెండు. అదీ మొదటి సీన్‌లో వద్దు.

8. రికార్డింగ్

ఒరిజినల్ క్లిప్పులు రికార్డింగ్ రోజు పొద్దున వినిపించకండి. వారం ముందు ఆపించెయ్యండి. ఆ రోజు విన్నవాడు ఆ రోజంతా ప్రతిధ్వనిలా పలుకుతాడు. దాని బదులు ఒక తాళం వాక్యం పెట్టుకోమనండి, అది పలికితే పాత్ర గొంతు దానంతటదే వచ్చేసే వాక్యం, మా నీమోకి ‘తలుపు వెయ్యండి’ అదే అయిపోయింది. గొంతు జారిపోతున్నప్పుడల్లా అది ఒకసారి అనుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

శరీరంతో చేయించండి. హార్ట్‌నెల్ డాక్టర్ ఎప్పుడూ కోటు అంచులు రెండు చేతులతో పట్టుకుని నిలబడతాడు. ఆడియోలో కనపడదు, కానీ మీ నటుణ్ణి అలా నిలబెట్టి చూడండి, ఛాతీ విరుచుకుంటుంది, గడ్డం పైకి లేస్తుంది, గొంతు తనంతట తనే మారుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి చదివిస్తే చదివినట్టే ఉంటుంది.

మొదటి ఎంట్రీ సీన్ మొదట తియ్యకండి. రెండు మూడు మామూలు సీన్లు తీశాక తియ్యండి, అప్పటికి నటుడికి పాత్ర ఒంటికి పట్టి ఉంటుంది. వీలైతే ఎదుటి పాత్రల్ని అదే టైమ్‌కి లైన్‌లో పెట్టండి. బిగ్ ఫినిష్‌లో మామూలుగా నటులు వేర్వేరు రికార్డింగ్ గదుల్లో ఉన్నా ఒకేసారి ఒకరినొకరు వింటూ చేస్తారు, 2020 లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లోంచి చేశారు. పేజీలో సగం పాత్ర వినడంలోనే ఉంటుంది, ఒక్కడే కూర్చుని తన లైన్లు వరసగా చదివితే అది రాదు. మారిన గొంతుతో మూడు గంటలు దాటితే గొంతు పాడవుతుంది, గోరువెచ్చని నీళ్ళు పెట్టండి, అరుపులన్నీ చివర్లో పెట్టుకోండి. ప్రతి అరగంటకీ మొదటి టేక్ ఒక పది సెకన్లు వినిపించండి, గొంతు ఎంత జారిందో వాళ్ళకే తెలుస్తుంది.

ఫ్యాన్ ఆపండి. పక్కింటి కుక్కర్ విజిల్స్ టైమ్ తెలుసుకోండి. ఇంతకన్నా టెక్నికల్‌గా నన్ను అడక్కండి.

9. ఎడిటింగ్

పిచ్ మార్చి ఒరిజినల్‌కి దగ్గర చెయ్యాలనే బుద్ధి పుడుతుంది. నాకూ పుట్టింది. పిచ్ దగ్గరవుతుంది గానీ ఊపిరి శబ్దం కూడా దాంతో పాటు మారి మనిషి ప్లాస్టిక్‌గా అయిపోతాడు. చెయ్యకండి. ఎడిటింగ్‌లో నిజంగా పనికొచ్చేది గ్యాప్‌లు. జాతకంలో ఎక్కడ ఆగుతాడు అని రాసుకున్నారు కదా, దాన్ని ఎదురుగా పెట్టుకుని మాటల మధ్య మౌనం సరిచెయ్యండి, అర సెకను ఇటూ అటూ జరిపితే చాలు. మా నీమో ఒక సీన్‌లో ఏదో తేడాగా ఉన్నాడని గంటలు గంటలు కొట్టుకుని చివరికి చూస్తే, ప్రశ్నకి జవాబు వెంటనే చెప్పేస్తున్నాడు. నీమో వెంటనే చెప్పడు. ముప్పావు సెకను ఖాళీ పెట్టాం, సరిపోయింది.

10. వదిలేటప్పుడు

పేరు దాచకండి. కొత్త నటుడి పేరు పోస్టర్ మీదే వెయ్యండి. ‘గుర్తుపట్టారా?’ లాంటి గేమ్స్ ఆడితే వినేవాడు డిటెక్టివ్ పనిలో పడతాడు, మొదటి పావుగంట కాస్తా గంట అవుతుంది. ‘అచ్చం ఆయనలాగే’ అని మీరు మాత్రం ఎక్కడా రాయకండి, ఆ మాట అన్నారంటే ఇంక ప్రతి ఒక్కడూ స్కేలు పట్టుకుని వస్తాడు.

ఇంకో చిన్న చిట్కా డేవిడ్ బ్రాడ్లీ దగ్గర్నుంచి. ఆయన 2013లో ఒక టీవీ సినిమాలో హార్ట్‌నెల్‌గా, అంటే డాక్టర్‌గా కాకుండా ఆ నటుడిగా చేశాడు. 2017 క్రిస్మస్ ఎపిసోడ్‌లో నేరుగా మొదటి డాక్టర్‌గా వచ్చాడు. ఆ వెంటనే ఆడియో సిరీస్, మొదటి డాక్టర్‌తో తిరిగే ఇయాన్, బార్బరా, సూసన్‌లుగా కూడా ఆ 2013 సినిమాలోవాళ్ళే. జనం మెల్లమెల్లగా అలవాటుపడుతూ వచ్చారు, ఆడియోకి వచ్చేసరికి ఆయన కొత్తవాడు కానే కాదు. మనకి టీవీ సినిమాలు తీసే స్థోమత లేదు గానీ రెండు నిమిషాల ట్రైలరు, తర్వాత అయిదు నిమిషాల చిన్న సీను, తర్వాత అసలు నాటకం, ఇలా మెట్లుగా వదలొచ్చు.

మొదటి ఎపిసోడ్‌కి తిట్లు వస్తాయి, అవి నటుడికి చూపించకండి. మూడో ఎపిసోడ్ దాకా ఆగి అప్పుడు వచ్చినవి చదవండి. మాకు మొదటిదానికి వచ్చిన పన్నెండు మెసేజ్‌లలో తొమ్మిది గొంతు గురించే. మూడోదానికి వచ్చినవాటిలో ఒకటి మాత్రం నేను స్క్రీన్‌షాట్ తీసి నటుడికి పంపా, అందులో గొంతు ఊసే లేదు, ‘ఆ ఫ్రెంచ్ ప్రొఫెసర్‌ని నీమో ఎందుకు వదిలిపెట్టడు అన్నా, అంత ఒంటరివాడా?’ అని ఉంది.